నవ్వొచ్చిన వారం

"మాస్టారూ, మన పత్రిక తెరిస్తే అన్నీ కేసులూ, దెబ్బలూ, ధర్నాలూనే. మనోళ్ళు అసలు నవ్వరా?" అని ఒక తమ్ముడు అడిగాడు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. మా వైపు పల్లెల్లో ఈ పత్రిక పంచేది వాడే.

ఎందుకు నవ్వం? ఊళ్ళో కంటే పల్లెలోనే నవ్వు ఎక్కువ. నాట్లప్పుడు చేలో చూడండి. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ కామందు నవ్వడు. బురదలో నడుం వంచిన ఆడోళ్ళు నవ్వుతారు. దేన్ని చూసి నవ్వుతున్నారో ఆయనకి తెలీదు. తెలిస్తే ఆ గట్టు మీద నిలబడలేడు.

తమ్ముడి మాట పట్టుకుని 2024 నవంబరు చివరి వారంలో నేనొక పని చేశా. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, నవ్వొచ్చిన ప్రతిదీ ఏ రోజుకారోజు రాసుకున్నా. అందులో గొప్ప సంఘటనలేం లేవు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. పోలీసు స్టేషను మెట్లెక్కే పని పడలేదు. మామూలు వారం. ఆ పుస్తకంలో ఉన్నదే ఇక్కడ పెడుతున్నా.

సోమవారం

బస్సుకింకా టైముందని సెంటర్లో టీకి ఆగా. మా నాన్న కాలంలో ఇదే సెంటర్లో మనోళ్ళకి కొబ్బరి చిప్పలో టీ పోసేవాళ్ళు. నా చిన్నతనానికి అల్యూమినియం గ్లాసు వచ్చింది. అది హోటలు చూర్లో దోపి ఉండేది. మనమే తీసుకోవాలి, మనమే కడుక్కోవాలి. ఆయన పైనుంచి పోస్తే మనం వంగి పట్టుకోవాలి. తాగి, మళ్ళీ కడిగి చూర్లో పెట్టాలి. దానికి రెండు గ్లాసుల పద్ధతని పేరు. ఇప్పుడు చూరు పోయి స్లాబు వచ్చింది. గ్లాసు పోయి కాగితం కప్పు వచ్చింది.

"చూశారా మాస్టారూ, కులం గిలం ఎక్కడుందండీ ఇప్పుడు? అందరికీ కాగితం కప్పే కదా" అన్నాడు హోటలాయన. నిజమే కదా అనుకున్నా. అంతలో ఊరి పెద్ద ఒకాయన బండి దిగాడు. హోటలాయన బల్ల కింద చెయ్యి పెట్టి తళతళలాడే స్టీలు గ్లాసు తీశాడు. పోశాడు. ఇచ్చాడు.

నేను నా కప్పు పక్కన పెట్టి, "అన్నా, నాకూ స్టీలు గ్లాసులోనే పొయ్యి. ఇది కాగితం వాసనొస్తంది" అన్నా.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒక్క క్షణం ఆలోచించి, "వద్దులెండి మాస్టారూ, ఆ గ్లాసులు సరిగ్గా కడగలేదండీ" అన్నాడు.

పెద్దాయన అప్పటికే రెండు గుక్కలు తాగేశాడు. గ్లాసులోకి ఒకసారి చూసుకున్నాడు. హోటలాయన వైపు ఒకసారి చూశాడు. తాగలేడు, పారబోయలేడు. నాకు బస్సెక్కినాక కూడా నవ్వాగలేదు. పక్క సీటాయన ఏమైందండీ అని అడిగాడు.

నవ్వు సంగతి అట్టా ఉంచండి. హోటల్లో అందరి కోసం ఉంచిన పాత్రలు ఒకరికి ఇవ్వనంటే నేరమని 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం చెబుతుంది. నెల నుంచి ఆర్నెల్ల దాకా జైలు, వంద నుంచి అయిదొందల దాకా జరిమానా. మా సెంటర్లో టీ పది రూపాయలు. అంటే పది టీలమ్ముకుంటే జరిమానా కట్టెయ్యొచ్చు. చట్టం రాసినోళ్ళకి కూడా కొంచెం హాస్యం ఉన్నట్టుంది.

మంగళవారం

నవంబరు 26. రాజ్యాంగ దినోత్సవం. 1949లో అదే రోజున రాజ్యాంగాన్ని ఆమోదించారు. మా బడిలో పిల్లలందర్నీ నిలబెట్టి పీఠిక చదివించాం. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. ఒక చిన్నోడు సౌభ్రాతృత్వం పలకలేక మూడుసార్లు తడబడ్డాడు. తప్పు వాడిది కాదు. ఈ దేశంలో ఆ మాట పెద్దోళ్ళకే ఇంకా నోరు తిరగలేదు.

ప్రార్థన అయ్యాక స్టాఫ్ రూములో కొత్తగా బదిలీ మీద వచ్చిన సారు నా పక్కన కూర్చున్నాడు. పీఠిక కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"మీదే ఊరండీ?"

చెప్పా.

"ఊళ్ళో ఎటువైపండీ?"

"తూర్పు వైపు."

"చెరువు పక్కనా, చర్చి పక్కనా?"

"రెంటికీ మధ్యనండీ."

"ఇంటిపేరు?"

చెప్పా. మా ఇంటిపేరు మోసకారిది. మూడు కులాల్లో ఉంది. పాపం, ఆయన ఇంకో మెట్టెక్కాల్సొచ్చింది.

"నాన్నగారు ఏం చేసేవారండీ?"

"వ్యవసాయం."

"ఎన్నెకరాలో?"

"వంద పైనే చేశాడండీ."

ఆయన కుర్చీ నా దగ్గరికి జరిగింది. "అబ్బో! మాగాణేనా?"

"మొత్తం మాగాణే. దుక్కి దున్నాడు, నారు పోశాడు, నీళ్ళు కట్టాడు, కోశాడు, కుప్పేశాడు, నూర్చాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ దగ్గర నలభై ఏళ్ళు పాలేరు."

కుర్చీ మళ్ళీ వెనక్కి జరిగింది. "క్లాసుకి టైమైందండీ" అని లేచాడు. ఆ పీరియడ్ ఆయనకి క్లాసు లేదు. టైంటేబులు రాసేది నేనే.

నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. వ్యవసాయం అంటే పట్టా ఉన్నోడిదని ఆయన లెక్క. చేసినోడిదని నా లెక్క.

బుధవారం

మా పల్లె కుర్రాడొకడికి టౌన్లో ఉద్యోగం వచ్చింది. అద్దె ఇల్లు వెతకటానికి నన్ను తోడు రమ్మన్నాడు. ఈ కుర్రాడి సంగతి ముందు చెప్పాలి. చిన్నప్పట్నుంచీ మాంసం ముట్టడు. కోడిగుడ్డు కూడా తినడు. వాసన పడదు. పండక్కి ఇంటిల్లిపాదీ కూర తింటుంటే వాడు పప్పూ మజ్జిగా పోసుకుంటాడు. పల్లెలో వాణ్ణి 'పంతులు' అని ఏడిపిస్తాం.

మూడో ఇల్లు నచ్చింది. గాలీ వెలుతురూ ఉన్నాయి. అద్దె కూడా కుదిరింది. అంతా అయ్యాక ఇంటాయన "మీరేమిట్లండీ?" అని అడిగాడు. కుర్రాడు దాచకుండా చెప్పాడు. ఇంటాయన నెత్తి గోక్కున్నాడు. "మరేం అనుకోకండి. మేం శాకాహారులకే ఇస్తామండీ" అన్నాడు.

"నేను శాకాహారినేనండీ" అన్నాడు కుర్రాడు. గుడ్డు కూడా తిననన్నాడు. కావాలంటే మాస్టారుని అడగమన్నాడు.

సరిగ్గా అప్పుడే లోపల వంటింట్లోంచి గుప్పున వాసనొచ్చింది. చేపల పులుసు. చింతపండు బాగా పడింది. మావాడు ముక్కు మూసుకున్నాడు. ఇంటాయన మాత్రం గట్టిగా, "అట్టా కాదు బాబూ, మాకు పట్టింపులెక్కువ" అన్నాడు.

అంటే మా జిల్లాలో శాకాహారానికీ కూరగాయలకీ ఏ సంబంధమూ లేదన్న మాట. అదొక కులం పేరు. లేదా ఒక కులం రావద్దని చెప్పటానికి పెట్టుకున్న మర్యాద పేరు. దారిలో కుర్రాడన్నాడు: "మాస్టారూ, ఇన్నేళ్ళూ అనవసరంగా పప్పు తిన్నాను."

గురువారం

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మ మన పల్లె మనిషే. వంటవాళ్ళని పెట్టేటప్పుడు దళితులకీ, ఎస్సీ ఎస్టీలకీ ప్రాధాన్యత ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. ఆ మాట పట్టుకుని పోట్లాడి సాధించుకున్న పని అది. ఆమె వచ్చిన కొత్తలో ఊళ్ళో పిల్లలు కొంతమంది ఇంటి నుంచి బాక్సులు తేవటం మొదలెట్టారు. ఎందుకురా అంటే "మాకు బడి అన్నం అరగదు సార్" అన్నారు. అందరికీ ఒకే రోజు అరుగుదల పోయింది!

ఆ గురువారం సాంబారన్నం, ఉడికిన గుడ్డు. నేను వరుస దగ్గర నిలబడ్డా. బాక్సు తెచ్చిన పిల్లలు కూడా వరుసలోకి వచ్చారు. అన్నం వద్దన్నారు. గుడ్డు మాత్రం తీసుకున్నారు. అరడజను మంది. ఏడో తరగతి పిల్లోణ్ణి ఆపి అడిగా: "ఏరా, అన్నం అరగదు గానీ గుడ్డు అరుగుద్దా?"

వాడు చాలా నిజాయితీగా చెప్పాడు: "గుడ్డుకి పెంకుంటది కదా సార్. మా నాయనమ్మ అది తినొచ్చంది."

వంటమ్మ గరిటె పట్టుకుని పగలబడి నవ్వింది. "ఒరే నాయనా, అదే చేత్తో, అదే నీళ్ళల్లో ఉడకబెట్టానురా" అంది. వాడు గుడ్డు వైపు చూశాడు. కాసేపు ఆలోచించాడు. తర్వాత పెంకు వలిచి నోట్లో పెట్టుకున్నాడు. గుడ్డు గుడ్డే కదా.

ఇంకో సంగతి కూడా రాయాలి. భోజనాలయ్యేటప్పుడు వేపచెట్టు వెనక్కి వెళ్ళి చూస్తే, ఆ పిల్లోడూ మన పల్లె పిల్లోడూ కంచాలు మార్చుకుని తింటున్నారు. వాడి బాక్సులో పులిహోర వీడికి, వీడి సాంబారన్నం వాడికి. నన్ను చూసి ఇద్దరూ దొంగల్లా లేచి నిలబడ్డారు. చూడనట్టు తిరిగొచ్చా. నాయనమ్మ చెప్పింది పెంకు దాకానే పనిచేసింది. ఆ వారం మొత్తానికి నాకు కడుపు నిండిన రోజు అదొక్కటే.

శుక్రవారం

పదో తరగతి కలిసి చదివినోళ్ళకి ఫోన్లో ఒక గ్రూపుంది. పొద్దున్న ఒక మిత్రుడు "కులాన్ని పట్టుకుని వేలాడేది రిజర్వేషన్లోళ్ళే, మనందరం మనుషులం" అని పెట్టాడు. కింద పదిమంది దండాలు పెట్టారు. సాయంత్రం అదే మిత్రుడు "మా అమ్మాయికి సంబంధం చూస్తున్నాం, మనోళ్ళలో మంచి కుర్రాడుంటే చెప్పండి" అని పెట్టాడు. నేను మూడు పెళ్ళికొడుకుల వివరాలు పంపించా. ఒకడు ఇంజనీరు, ఒకడు డాక్టరు, ఒకడు లెక్చరరు. ముగ్గురూ మనుషులే. ఇంతవరకూ జవాబు రాలేదు.

శనివారం

నవంబరు 30. మన రాష్ట్రంలో ప్రతి నెలా 30న పౌర హక్కుల దినం జరపాలి. అధికారులు పల్లెకి రావాలి, అంటరానితనం ఉందేమో కనుక్కోవాలి. ఇది ఊరికే వచ్చింది కాదు. మన పెద్దలు దెబ్బలు తిని, పోరాడి తెచ్చుకున్నది. చాలా ఊళ్ళలో అసలు జరపరు. మా ఊళ్ళో జరిపారు, సంతోషం.

మన పల్లె కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేశారు. వేదిక మీద అధికారులు, వాళ్ళ పక్కన ఊరి పెద్దలు. సోమవారం స్టీలు గ్లాసాయన కూడా వచ్చాడు. మన ఆడోళ్ళు బిందె తోమి, చల్లటి నీళ్ళు పట్టి, గ్లాసులు బోర్లించి పెట్టారు. వచ్చినోళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో నీళ్ళ సీసా మూత తిప్పుకున్నారు. బిందె బిందెలాగే ఉంది. సీసాకి మూత ఉంది కదా, గుడ్డుకి పెంకున్నట్టు.

ఒక అధికారి లేచి అడిగాడు: "ఈ గ్రామంలో అంటరానితనం ఉందా? ఉంటే ధైర్యంగా చెప్పండి."

ఎవరు చెబుతారు? రేపు పొద్దున కూలికి పిలిచేవాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కౌలుకిచ్చినాయన ఆ పక్కన ఉన్నాడు. అందరూ కాళ్ళ వైపు చూసుకున్నారు. "లేదన్న మాట" అని ఆయన పుస్తకం తెరిచాడు.

అప్పుడు వెనక నుంచి ఒక అవ్వ లేచింది. డెబ్బై దాటి ఉంటుంది. నడుం వంగిపోయింది. "ఉండయ్యా, రాసుకునే ముందు నాదొక మాట. ఉందా ఉందా అని మమ్మల్నడుగుతారేంది? మేం పాటిస్తున్నామా? పాటించేది వాళ్ళు గదా. దొంగతనం జరిగిందా అని పోగొట్టుకున్నోణ్ణి పదిసార్లు అడిగి, దొంగని పక్కన కుర్చీలో కూర్చోబెడితే ఎట్టా? ఈ మీటింగు ఊళ్ళో రామాలయం అరుగు మీద పెట్టండి. మమ్మల్ని కూడా ఆడికి పిలవండి. ఉందో లేదో అరుగెక్కేటప్పుడే తెలుస్తది."

ముందు ఒక పిల్ల నవ్వింది. తర్వాత పల్లె పల్లంతా నవ్వింది. వేదిక మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. రాసే పెన్ను ఆగింది. నేను చదివిన పుస్తకాలన్నీ ఒకవైపు, ఆ అవ్వ మాట ఒకవైపు.

సోమవారం నాడు ఇదే మాట అర్జీగా రాసి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చాం. పరిశీలిస్తామన్నారు. పరిశీలించేదాకా మనం మర్చిపోకూడదు.

ఆదివారం

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించా. రాయకపోతే పైవన్నీ రాసే హక్కు నాకు లేదు.

కోతల కాలం. మా కౌలు చేలో ఎలకలు పడ్డాయి. యానాది అన్నని పిలిస్తే పొద్దున్నే వచ్చాడు. కలుగులన్నీ తవ్వి, పొగబెట్టి, పని పూర్తి చేసి మా ఇంటికొచ్చాడు. వాకిట్లో నేల మీద కూర్చున్నాడు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను కూర్చోమన్లేదు. అతను కూర్చుంటాడని నాకు తోచను కూడా లేదు.

ఇంట్లో టీ పెట్టారు. మా అమ్మాయి పుట్టినరోజుకి తెచ్చిన కాగితం కప్పులు కొన్ని మిగిలి ఉన్నాయి. నాకు స్టీలు గ్లాసులో టీ వచ్చింది. అతని టీ కాగితం కప్పులో వచ్చింది. అతని చేతికి అందించింది నేనే. ఎవరో చేశారని చెప్పటానికి లేదు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సోమవారం టీ కథ చెబితే అన్నం తింటూ పొలమారేటట్టు నవ్వింది అదే. గుమ్మంలో నిలబడి నా గ్లాసు వైపు చూసింది, అతని కప్పు వైపు చూసింది. మెల్లగా అడిగింది:

"నాన్నా, స్టీలు గ్లాసులు సరిగ్గా కడగలేదా?"

ఆ వారంలో నేను నవ్వలేకపోయింది అదొక్కటే. లోపలికెళ్ళి ఇంకో స్టీలు గ్లాసు తెచ్చా. కుర్చీ లాగా. అతను ఎక్కడానికి ఒప్పుకోలేదు. నేనూ కిందే కూర్చున్నా. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేకపోయాం. ఊరికి మనం ఒక చివర ఉంటే, మనకి ఆ చివర వాళ్ళ గుడిసెలున్నాయి. ఇన్నేళ్ళుగా మీటింగుల్లో మాట్లాడుతున్న నాకు ఆ దూరం ఎన్ని అడుగులో తెలీదు.

*

ఇవన్నీ చిన్న విషయాలే కదా, పత్రికలో రాయాలా అని కొందరంటారు. చిన్నవేనా? 1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్ చెరువులో దోసిలి పట్టింది నీళ్ళ కోసమే. 1985 జులైలో కారంచేడు మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. 1991లో చుండూరు సినిమా హాల్లో కాలు తగలటం దగ్గర మొదలైంది. నీళ్ళు చిన్నవే, కాలు తగలటం చిన్నదే. శవాలు చిన్నవి కాదు. పెద్ద దెబ్బ ఏదీ ఒక్కసారిగా పడదు. ముందు చాలా ఏళ్ళు గ్లాసులో, కుర్చీలో, గుడ్డు పెంకులో కూర్చుని ఉంటుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మా నాన్న కాలంలో హోటలాయన ఏ అబద్ధమూ చెప్పలేదు. గ్లాసు చూర్లో బాహాటంగా ఉండేది. ఇప్పుడాయన "కడగలేదండీ" అని అబద్ధమాడాల్సి వస్తోంది. ఇంటాయన చేపల పులుసు కడుపులో పెట్టుకుని శాకాహారం చెప్పాల్సి వస్తోంది. అంటే వాళ్ళకి సిగ్గో భయమో, ఏదో ఒకటి పుట్టింది. ఆ సిగ్గు ఊరికే పుట్టలేదు. చట్టం వల్ల, పోరాటం వల్ల, చచ్చిపోయినవాళ్ళ వల్ల పుట్టింది. అది మన గెలుపే. కానీ అంటరానితనం సిగ్గుపడి దాక్కుంటే అది పోయిందనుకుని మనం ఇంటికెళ్ళి పడుకోకూడదు. కాగితం చుట్టుకుని, మూత పెట్టుకుని, పెంకు తొడుక్కుని అక్కడే ఉంది.

అందుకని సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మూడు మాటలు. మీరూ ఒక వారం ఇట్టా పుస్తకం రాయండి. తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగా రాయండి. రేపు కేసు కట్టాల్సొస్తే అదే పనికొస్తుంది. రెండోది, వచ్చే 30న అధికారులొస్తే అవ్వ మాటే అడగండి: మీటింగు ఊళ్ళో పెట్టండి, మమ్మల్ని అక్కడికి పిలవండి. మూడోది, పుస్తకంలో ఆఖరి పేజీ మన ఇంటి కోసం ఉంచుకోండి. మన ఇంట్లో గ్లాసులు ఎన్ని రకాలున్నాయో ముందు మనం లెక్కబెట్టుకుందాం.

ఇక నవ్వు సంగతి. తమ్ముడూ, మనం నవ్వుతాం. గట్టిగానే నవ్వుతాం. నవ్వినంత మాత్రాన మర్చిపోయామని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

జై భీమ్.